వరద సాయంలో నా మగ్గం

అమీర్‌పేటలో మా బ్లౌజుల షాపు ఒక సెల్లార్‌లో ఉంటుంది. నాలుగు కుట్టు మిషన్లు, ఒక మగ్గం. మగ్గమంటే బట్ట నేసేది కాదు. కర్రల చట్రానికి గుడ్డ బిగించి, దాని మీద పూసలూ జరీ కుట్టే పనిని మా వ్యాపారంలో మగ్గం వర్క్ అంటారు. అసలు మగ్గం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మా నాన్న గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టినదాన్ని.

ఆ శ్రావణంలో పెళ్లిళ్ల గిరాకీ మొదలైన వారమే వాన పడింది. మధ్యాహ్నం మొదలై, గంట తిరిగేసరికి పంజాగుట్ట వైపు నుంచి రోడ్డు మీది నీళ్లన్నీ మా ర్యాంపు మీదుగా కిందికి దిగాయి. పక్క షాపులో జిరాక్స్ సెంటర్ నడిపే అతన్ని నేను తమ్ముడనే పిలుస్తాను. ఇద్దరం కలిసి పెళ్లి బ్లౌజుల మూటలు నెత్తిన పెట్టుకుని పైకి చేర్చాం. అప్పటికే సగం తడిశాయి. మిషన్లూ, మగ్గమూ, అతని జిరాక్స్ యంత్రమూ నడుం లోతు నీళ్లలో ఉండిపోయాయి.

మునిగిన చిన్న వ్యాపారులకు సర్కారు సాయం చేస్తుందని మూడో రోజు మైకులో చెప్పారు. శ్రీనగర్ కాలనీలో ఒక హాలు ముందు లైను కట్టాం. గుమస్తా దగ్గరున్న ఫారంలో పశువులు, పంట, ఇల్లు, పడవ, మగ్గం అని గళ్లున్నాయి. హైదరాబాద్ నడిబొడ్డున ఎవరి పడవ మునిగిందో నాకైతే తెలియదు.

"ఏం పోయినయమ్మా?"

"నాలుగు మిషన్లు, ఒక మగ్గం."

అతని మొహం వెలిగింది. "మిషన్లకు గడి లేదు. మగ్గానికి ఉన్నది."

"గది నేసే మగ్గం కాదన్నా. పూసలు కుట్టేది."

"మీరేం కులం?"

చెప్పాను.

"మరింకేంది? నేతోళ్లు, మగ్గం మునిగింది. జర గీడ సంతకం పెట్టు."

పెట్టాను. మా నాన్న చెమటోడ్చిన నేతపనిని, ఎప్పుడూ గుంటలో దిగి నేయని నేను, ఒక గడి నింపడానికి వాడుకున్నాను. సర్కారోళ్లను తిట్టుకునేటప్పుడల్లా నా సంతకం కూడా గుర్తొస్తుంది.

విచారణ అయ్యేదాకా ఏ వస్తువూ కదపొద్దన్నారు. తడిసిన పట్టు విచారణ కోసం ఆగుతుందా? ఆ బ్లౌజులను ఉతికి, డాబా మీద నీడలో ఆరేశాను. తమ్ముడు తన యంత్రాన్ని విప్పి, రెండు రోజులు ఫ్యాన్ కింద పెట్టి, మెకానిక్‌ను పిలిచి నడిపించాడు. అంతలో సర్కారు ఇంకో మాట చెప్పింది. ఆధారు, లైసెన్సు, అద్దె పత్రం, నష్టం ఫోటోలు, అన్నీ మూడేసి కాపీలు కావాలట. అతని షాపు ముందు లైను ర్యాంపు దాటి రోడ్డెక్కింది. వరద సాయంతో మా సెల్లార్‌లో కోలుకున్న వ్యాపారం అదొక్కటే.

"నువ్వు సుత దరఖాస్తు పెట్టరాదు తమ్మీ?" అన్నాను.

"నేను బోయి గా లైన్ల నిలబడితే గిక్కడ కాపీలెవరు తీస్తరక్కా?" అన్నాడు. ఆ సాయంత్రమే నా మిషన్ల మోటార్లు రెండు స్కూటర్ మీద పెట్టుకుపోయి, తన డబ్బుతో బాగుచేయించుకొచ్చాడు. "పెండ్లోళ్లు ఆగరు కదా" అని ఒక్క మాట చెప్పి తన పనిలో పడ్డాడు.

రెండు వారాలకు అధికారి వచ్చాడు. వెంట ఇద్దరు. ఒకతను ఫైలు మోయడానికి, ఇంకొకతను ఫోటోలకు.

"మగ్గం ఎక్కడ?"

చూపించాను.

"ఏంటిది? మంచం చట్రంలా ఉంది."

"పూసల పని మగ్గం సార్. నేసేది కాదు. ఆ దినమే చెప్పిన."

"ఇప్పుడు చెప్పకుండా ఉంటే సరిపోయేది కదమ్మా. నాకు తెలిసిపోయిందిగా ఇక."

"మరి మిషన్లు సార్?"

"తిరుగుతున్నాయిగా."

"తిప్పకపోతే ఏం తింటం సార్?"

ఆయన ఫైలు తీసుకుని ఏదో రాసుకున్నాడు. ఫోటో తీసే అతను "జర బాధగా చూడమ్మా" అన్నాడు. వెళ్లబోతూ అధికారి వెనక్కి తిరిగి, తమ ఇంట్లో ఫంక్షన్ ఉందని, మగ్గం వర్క్‌కు ఎంత తీసుకుంటారని అడిగాడు. నేసే మగ్గం కాదని అప్పుడు ఆయనకు పట్టలేదు. మామూలు రేటుకు రెట్టింపు చెప్పాను. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత సర్కారు నుంచి ఉత్తరం వచ్చింది. లేని మగ్గాన్ని ఉన్నట్టు చూపానట, సంజాయిషీ ఇవ్వాలట. ఉన్నది ఉన్నట్టు రాశాను: నేను కాదన్నాను, మీ గుమస్తా రాశాడు, సంతకం పెట్టడం నా తప్పు. ఆ కాగితం పట్టుకుని ఖైరతాబాద్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నామె చదివి కళ్లద్దాలు తీసింది.

"సెల్లార్లనా? సెల్లార్ల దుకాణమే పెట్టొద్దు కదమ్మా."

"ఏటేటా లైసెన్సు మీరే ఇస్తున్రు గదా?"

"గది వేరే సెక్షన్."

ఇంకొంచెంసేపు అక్కడ నిలబడితే, సాయం మాట అటుంచి, షాపుకే తాళం పడేలా ఉంది. ఆమె చేతిలో నుంచి కాగితం తీసుకుని బయటికొచ్చేశాను.

"ఏమన్నరక్కా?" అన్నాడు తమ్ముడు.

"సెల్లార్ల మనం లేమట."

అతను నవ్వలేదు. ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ ఒక మేస్త్రీని తీసుకొచ్చాడు. ఇద్దరం సగం సగం పెట్టుకుని, వాననీళ్లు కిందికి దిగకుండా ర్యాంపు మొదట్లో మోకాలెత్తు గోడ కట్టించాం. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దాన్ని దాటుతూ గిరాకీలు ఇప్పటికీ విసుక్కుంటారు. అనుమతి మాత్రం మేము ఎవరినీ అడగలేదు.