పిన్ని పన్ను

మొన్న ఉదయం మా వీధిలోకి మైకు కట్టుకున్న రిక్షా ఒకటి వచ్చింది. కొల్లేటి గట్టున స్వయంభువుగా వెలసిన అమ్మవారికి సిమెంటు గుడి కట్టారట, భక్తులందరూ ప్రతిష్ఠకి తరలి రావాలట, భీమడోలు నుంచి ప్రత్యేకంగా బస్సులు వేశారట. కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. స్వయంభువూ లేదు, నా మొహమూ లేదు. ఆవిడని చేసింది మా బాబాయి. కొల్లేటి నల్లమట్టితో చేసి, ఊక వేసి కాల్చి, అలా చేసినందుకు పెళ్ళాం చేత చీవాట్లు తిన్నాడు. ఎందుకంటే ఆ బొమ్మ ఆవిడదే, మా పిన్నిది.

అప్పట్లో మా నాన్న ఏలూరులో ఒక ప్లీడరుగారి దగ్గర గుమస్తా. ఆయన తమ్ముడు, మా బాబాయి, నాటకాల తెరలు రాసేవాడు. తాడేపల్లిగూడెం, పెంటపాడు, ఎక్కడ నాటకమైనా వెనకాల వేలాడే అంతఃపురమూ అడవీ ఆయన చేతివే. అది పొట్టకూటికి. తెర అప్పగించగానే పిన్నిని వెంటబెట్టుకుని కొల్లేటి ఒడ్డున వేసుకున్న తాటాకు పాకకి పారిపోయేవాడు. అక్కడ మట్టికి ఎవరూ డబ్బులడగరు, పక్షులు కావలసినన్ని, పైగా మా నాన్న లేడు. ఏడాదిలో సగం రోజులు ఆ పాకలో కూర్చుని, ఎవరూ అడగని బొమ్మలు, ఎవరూ కొనని బొమ్మలు చేసుకునేవాడు. గుండ్రటి బిస్కట్ల డబ్బా చుట్టూ నిలువుగా సన్నటి గాట్లు కోసి, లోపల వరసగా బొమ్మలు గీసిన కాగితం అంటించి, బొంగరం ములుకు మీద నిలబెట్టి తిప్పేవాడు. గాట్లలోంచి చూస్తే లోపలి బొమ్మలు కదిలేవి. ఒక కాగితంలో గూడబాతు చేపని మింగి, మళ్ళీ కక్కి, మళ్ళీ మింగేది. ఇంకో కాగితంలో పిన్ని గరిటె పుచ్చుకుని బాబాయిని తరిమేది. డబ్బా తిరిగినంతసేపూ పరుగే, ఎప్పటికీ అందడు. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు ఆ డబ్బా ముందు నుంచి నన్ను లేపడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

"ఒరే, తెర రాస్తే ఊరంతా చూస్తుంది. ఈ డబ్బా ఎవరికోసంరా?" అని అడిగాడు ఒకసారి మా నాన్న.

"మా ఆవిడకి, అన్నయ్యా," అన్నాడు బాబాయి, తల కూడా ఎత్తకుండా.

పిన్నికి పై వరసలో ఒక పన్ను పక్కదాని మీదకి ఎక్కి ఉండేది. అదంటే ఆవిడకి ప్రాణసంకటం. నవ్వొస్తే చాలు, పమిటచెంగు నోటికి అడ్డం వచ్చేసేది. అడ్డం లేని ఆ నవ్వు ఒక్క బాబాయికే తెలుసు. ఆ నవ్వునే, పన్నుతో సహా, అసలు మనిషి తలకాయంత బొమ్మగా, భుజాల దాకా చేసి పెట్టాడు. పిన్ని అది చూసి వారం రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. "ఏవండీ, మతుండే చేశారా ఇది? నా పన్ను ఊళ్ళో వాళ్ళందరికీ చూపించాలా అండీ?" అని బొమ్మని గోడవైపు తిప్పేసేది. ఆవిడ నీళ్ళకి వెళ్ళగానే ఈయన ఇటు తిప్పేవాడు. ఆ ఎండాకాలమంతా బొమ్మ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఆ వానాకాలం పిన్నికి జ్వరం వచ్చి, మూసిన కన్ను తెరవకుండానే పోయింది. ఫోటో అంటూ ఒక్కటీ లేదు. కర్మకాండకని నాన్న బాబాయిని ఏలూరు తీసుకొచ్చాడు. ఆయన ఇక్కడ ఉండగానే అక్కడ కొల్లేరు పొంగి పాకని ఎత్తుకుపోయింది. డబ్బా, కాగితాలు, గూడబాతు, గరిటె, ఏమీ మిగల్లేదు. నీళ్ళు తీశాక నాన్నా బాబాయీ దోనె మీద వెళ్ళారు. ఇంట్లో అమ్మ పురిట్లో ఉండడంతో నన్నూ వెంటబెట్టుకున్నారు.

బొమ్మ పోలేదు. ఊరి గట్టు మీదకి కొట్టుకొచ్చి, భుజాల దాకా బురదలో దిగబడి, సరస్సుకేసి చూస్తూ ఉంది. మీద తాటాకు పందిరి, చుట్టూ వేపమండలు, మొహమంతా పసుపు, రూపాయంత బొట్టు. బాబాయి పరుగున వెళ్ళబోతే, చేపలు పట్టేవాళ్ళ పెద్ద ఒకాయన చేతులు జోడించి అడ్డం నిలబడ్డాడు.

"చేసింది తమరేనండి. మాకు తెలీదాండి, కాల్చడానికి ఊక మోసింది మేమే కదండి. కానీ నీళ్ళు ఆవిడ మెడదాకా వచ్చి ఆగిపోయినాయండి. గట్టుకి ఇటుపక్క పిల్లాజెల్లా అందరం బతికామండి. కూర్చున్న తల్లిని లేపకూడదండి."

"ఆవిడ మా ఆవిడండీ. ఇంకో బొమ్మ లేదు నా దగ్గర."

"చెయ్యి తిరిగినవారు, తమరు ఇంకోటి చేసుకుంటారు కదండి."

ఎంత మర్యాదగా చెప్పాడో. వాళ్ళని తిట్టడానికీ లేదు. వాళ్ళ పిల్లలు బతికారు మరి. పోనీ మొహం ఒక్కసారి కడిగి చూసుకుంటానన్నాడు బాబాయి. పసుపు తీస్తే అరిష్టం అన్నారు ఆడవాళ్ళు. ఆయన వెనక్కి తిరుగుతుంటే పెద్దాయన మొహమాటపడుతూ ఇంకో మాట అడిగాడు. "ఎలాగూ వచ్చారు కదండి, ఆ పన్నొకటి కాస్త సర్ది వెళ్దురూ. అమ్మవారికి వంకర పన్ను బాగోలేదంటున్నారండి." బాబాయి వచ్చి దోనెలో కూర్చున్నాడు. దారిలో నాన్న, "పోనీలేరా, పూజలందుకుంటోంది, అదృష్టవంతురాలు," అన్నాడు. మా నాన్న మీద నాకు అంత కోపం మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఇంకోటి చేసుకోవాలని బాబాయి చూడకపోలేదు. పన్ను కుదిరేది, నవ్వు కుదిరేది కాదు. చేసింది చేసినట్టు మళ్ళీ ముద్ద చేసేసేవాడు. చివరికి తెరలూ మానేసి, తాడేపల్లిగూడెంలో కొట్లకి బోర్డులు రాస్తూ ఆఖరిదాకా గడిపేశాడు. అక్షరాలే రాసేవాడు. పక్కన చిన్న పువ్వు వెయ్యమన్నా ఇంకెవరినైనా చూసుకోమనేవాడు.

ప్రతిష్ఠకి వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. గంటసేపు వరసలో నిలబడ్డాక గర్భగుడి ముందుకి చేరాను. వెండి కళ్ళు పెట్టారు. ఇన్నేళ్ళ పసుపు పేరుకుని పెదవులు కలిసిపోయాయి. పన్ను లేదు, నోరే లేదు. హారతి వెలుగులో ఎంత వెతికినా పిన్ని కనపడలేదు.

"ఆవిడ లోపల నవ్వుతోందండీ," అన్నాను పూజారిగారితో.

"అవునమ్మా, చల్లగా చూస్తుంది. కాస్త జరగండి, వెనకాల జనం ఉన్నారు," అన్నాడాయన.

జరిగాను. పిన్ని పమిటచెంగు చాటున దాచుకున్న నవ్వుని బాబాయి బయటపెడితే, కాలం ఆవిడ మాటే విని మళ్ళీ కప్పేసింది.