మేనత్త చిలకపచ్చ చీర

మొన్న మా మనవరాలు గోడలకు రంగులు వేయిస్తూ, లేత పచ్చ చూస్తే మనసు చల్లబడుతుంది అమ్మమ్మా, ఎర్రది చూస్తే కోపం వస్తుందట అని చెబితే నాకు నవ్వాగలేదు. నాకు మటుకు పచ్చ కనబడితే చాలు, ఇంత వయసొచ్చినా ఒళ్లు మండుతుంది. ఆ మంటంతా మా పెద్దమ్మ మీద. చచ్చి ఏ లోకాన ఉందో గానీ, నా కోపం మాత్రం పోలేదు.

మాది సుల్తానాబాద్ పక్క పల్లె. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా బాపు చెల్లెలు, అంటే మా మేనత్త, పెండ్లయిన రెండేండ్లకే మొగుణ్ని పోగొట్టుకుని పుట్టింటికి వచ్చింది. ఇంటి పెత్తనమంతా పెద్దబాపు భార్య అయిన మా పెద్దమ్మది. వచ్చిన వారానికే ఆమె మేనత్త పెట్టె తెరిచి, పెండ్లినాటి చిలకపచ్చ పట్టుచీర తీసి, దీనికిక ఇదెందుకని తన సందుకలో పెట్టుకుంది, బదులుగా రెండు తెల్లచీరలు పారేసింది. తెలుపంటే శాంతమని ఎవరన్నారో గానీ, ఆ తెలుపులో మా మేనత్త నవ్వడమే మరిచిపోయింది.

ఏడాదికొక్కసారి బతుకమ్మకు మాత్రం ఆమెకు రంగులు దొరికేవి. గునుగుపూలను కట్టలు కట్టి, ఎరుపు, నీలం, గులాబి రంగునీళ్లలో ముంచి ఆరబెట్టే పని ఆమెదే. చేతులు మణికట్టుదాకా రంగులో మునిగితే తనకు తెలియకుండానే కూనిరాగం తీసేది. అది చెవిన పడగానే పెద్దమ్మ ఊడిపడేది. “ముండమోసినదానికి రంగులేంది? చేతులు రుద్దుకో పో!” అని బూడిద తెచ్చి ముందర పోసేది. చర్మం కందిపోయేదాకా రుద్దుకునేది పిచ్చితల్లి.

ఒక ఏడు సద్దుల బతుకమ్మనాడు పెద్దమ్మ ఆ చిలకపచ్చ చీరే కట్టుకుని, కొత్తపెండ్లికూతురిలా మురిసిపోతూ వాకిట్లోకి వచ్చింది. మేనత్త ఎగాదిగా చూసి, పెరట్లోకి పోయి, ఆరిన పూలలో సగం మళ్లీ రంగులో ముంచింది. పేర్చే చాకిరీ ఆమెది, నెత్తిన ఎత్తుకునే వైభోగం పెద్దమ్మది కదా! తడివన్నీ లోపలికి, ఎండినవి బయటికి పెట్టి, ఇత్తడి తాంబాలానికి బదులు గంజి వంచే వెదురు సిబ్బిలో నిలువెత్తు పేర్చింది. నేను పక్కనే ఉండి అంతా చూశాను, నోరు మెదపలేదు. ఎందుకు మెదపాలి?

వాగుకు సగం దారి పోయేసరికి పెద్దమ్మ నుదుటి మీద నీలం, చెంపల మీద ఎరుపు ధారకట్టి చీరంతా పాకాయి. ఆడవాళ్లు నోట్లో కొంగులు కుక్కుకున్నా నవ్వులు ఆగలేదు. పెద్దమ్మ ఇంటికి ఉరికొచ్చి, చీర మార్చుకుని, విప్పినదాన్ని ఉండచుట్టి, వెంట వచ్చిన ఆడవాళ్లందరి ముందర మేనత్త ముఖాన కొట్టింది. “ఖరాబు జేసినవ్ గదనే! తీసుకో, నువ్వే కట్టుకొని ఏడువు!”

మేనత్త దాన్ని ఉతికి ఆరేసి, మర్నాడు పొద్దున్నే కట్టుకుంది. ఇంటిల్లిపాదీ గుడ్లప్పగించారు. “నువ్వే గద వదినా కట్టుకొమ్మన్నవ్” అంది నిమ్మళంగా. ఊరంతా విన్న మాటాయె, పెద్దమ్మ వెనక్కి తీసుకోలేకపోయింది. ఆ మరకల చీర పీలికలయ్యేదాకా మేనత్త దాన్ని వదల్లేదు. అది కంటబడినప్పుడల్లా పెద్దమ్మ ముఖం మాడిపోయేది, నాకు కడుపు నిండేది.

ఇప్పుడు మా వీధిలో మొగుడు పోయినవాళ్లు కూడా నచ్చిన రంగు కట్టుకుని బతుకమ్మ ఆడుతున్నారు, అడిగేవాళ్లు లేరు, మంచిదే. వాళ్లను చూస్తూ కూర్చుంటే మేనత్తే గుర్తొస్తుంది. తన పెండ్లిచీర తనకు దక్కడానికి, పాపం, దాన్ని తన చేతులతోనే పాడుచేసుకోవలసి వచ్చింది.