చొక్కా చేతుల కొలత

విడాకులై ఆరు నెలలైనా జనం పరామర్శలు మానలేదు. ఎవరైనా “అయ్యో, ఎలా ఉన్నావమ్మా?” అని మొదలుపెడితే చాలు, టైలరక్క నాలుగు గుండుసూదులు పెదాల మధ్య బిగించి “ఊఁ” అంటుంది, సూదులున్న నోటిని ఎవరు మాట్లాడించగలరు? ఆవేళ ఆమె దగ్గర చొక్కా కుట్టించుకున్న గుమాస్తా ఒకడు వచ్చి, కొత్త చొక్కా తొడుక్కుని చూస్తే దాని చేతులు వేళ్లదాకా దిగాయి. “నీ చేతులే కురచ!” అని కసిరి, టేపు విసురుగా లాగి కొలిచింది. ఇరవై మూడంగుళాలు. కొలతల పుస్తకంలోనూ అంతే ఉంది. కుట్టింది మాత్రం ఇరవై ఐదు. పదకొండేళ్లు పుస్తకం చూడకుండా కుట్టిన కొలత అది, మొగుడిది. “పీడ విరగడైందనుకుంటే నా కత్తెరకు పట్టుకుందే!” అంటూ చొక్కా విప్పించి కుట్లు ఊడదీయసాగింది. మళ్లీ ఎప్పుడు రావాలో అడుగుదామని గుమాస్తా పాపం నోరు తెరిచాడు. అతను మాట అనకముందే ఆమె డబ్బాలోని గుండుసూదులన్నీ నోట్లో పెట్టుకుంది.