ఐదు మాపులు, ఒక కర్ర

రెండు వస్తువులు పక్కపక్కన ఊగుతూ కనిపిస్తే, అవి కలిసి ఊగేదాకా పోచయ్యకు ముద్ద దిగదు. అదొక్కటే ఆయన జబ్బు. అది తీసేస్తే హైటెక్ సిటీలో అంత బుద్ధిమంతుడైన సెక్యూరిటీ గార్డు ఇంకొకడు లేడు.

వానలో క్యాబు వచ్చి గేటు ముందు ఆగితే పోచయ్య నంబరు రాసుకోడు, వైపర్లు చూస్తాడు.

"తమ్మీ, ఒకటి మూసాపేట దిక్కు పోతె ఒకటి గోపన్‌పల్లి దిక్కు పోతున్నది. ఏంది కథ?"

"వాన ఆగినంక చూపిస్త కాకా, ముందు గేటు తియ్యి!"

వెనక ఇరవై కార్లు హారన్లు కొడతాయి. ఆ హారన్లూ కలవడం లేదని ఆయనకు ఇంకో బెంగ.

ఒకసారి సంతలో రెండు పాత లోలకం గడియారాలు కొనుక్కొచ్చాడు. గార్డు గదిలో చెరో గోడకు తగిలిస్తే దేని ఊపు దానిదే. అప్పుడు రెండు కుర్చీల మీద ఒక పలక వేసి, రెంటినీ దానికే వేలాడదీశాడు. ఐడీ కార్డు కోసం వచ్చిన నాలుగో అంతస్తు ఇంజనీరు స్రవంతి అక్కడే ఇరుక్కుపోయింది. అరగంటకు లోలకాలు ఒక లెక్కకొచ్చాయి. ఒకటి ఎడమకు పోతే, సరిగ్గా అదే క్షణాన రెండోది కుడికి.

"ఎదురెదురుగా పోతున్నాయి కదా అంకుల్?"

"లెక్కయితే తప్పుతలేవు గద బిడ్డా. మొగుడు పెండ్లాలు గిట్లనే కలుస్తరు. గోడ వేరైతే ఎవని ఊపు వానిదే. ఒక్క పలక మీద ఉంటె దీని వణుకు దానికి తెలుస్తది, దాని వణుకు దీనికి. హుకుం ఇచ్చెటోడు అక్కర్లేదు."

"మా సర్వర్లకి ఈ బుద్ధి ఉంటే ఎంత బాగుండు" అంది స్రవంతి, తను వెళ్లాల్సిన మీటింగు ఎప్పుడో ముగిసిపోయాక.

ఈ ముచ్చట్లు విని అందరూ నవ్వేవారు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ మహేందర్ మాత్రం నవ్వలేకపోయేవాడు. పొద్దున్న ఏడింటికి అతని ఐదుగురు ఆడవాళ్లు కింది లాబీని పొడుగు కర్రల మాపులతో వరసగా తుడుస్తారు. మూడు నెలలుగా పోచయ్య తలుపు దగ్గర నిలబడి, కర్ర నేలకు కొడుతూ వాళ్ల ఊపుకు తాళం వేస్తున్నాడు. టక్... ఒక శ్వాస తీసుకున్నంత ఆగి, టక్.

"గింత నిదానమేంది ముసలోడా, నిద్రొస్తున్నది!" అనేది అందరికంటే చురుకైన బుచ్చమ్మ.

చాలదన్నట్టు వరస కూడా మార్చేశాడు. చివర ఉండే చంద్రమ్మను తెచ్చి నడుమ నిలబెట్టి, ఇంకో చివర ఉండే బుచ్చమ్మను ఆమె పక్కన పెట్టాడు.

"నా లైన్ నువ్వెందుకు మార్చినవ్ కాకా?" అని నిలదీశాడు మహేందర్.

"బుచ్చమ్మ అంచుకు ఉంటె ఆమెకు ఎవ్వల ఊపు తాకదు సారూ. నడుమ ఉంటె తాకుతది."

అంతలో వీళ్లను పనికి పెట్టిన ఏజెన్సీ నుంచి కబురొచ్చింది. ఐదుగురు వద్దు, నలుగురు చాలు. సోమవారం మేనేజర్ బుల్లిబాబు స్వయంగా చూసి, వెనకబడేవాళ్లను తీసేస్తాడు. ఆ పేరేమిటో చెప్పనక్కర్లేదు. వానాకాలంలో జారిపడ్డప్పటి నుంచి చంద్రమ్మ కుడి మోకాలు పూర్తిగా వంగదు.

"నన్నే తీస్తరు గద సారూ?"

మహేందర్ బకెట్ వైపు చూశాడు. "ఆ ఒక్క దినం జర జల్ది కానియ్యి చంద్రమ్మా."

కర్ర చప్పుడు మీద మొదటి అంతస్తు వాళ్ల ఫిర్యాదు ఎలాగూ ఉంది. శనివారం మహేందర్ కర్ర లాక్కుని స్టోర్ రూములో పెట్టి తాళం వేశాడు. పోచయ్య గొడవ చేస్తాడనుకున్నాడు.

"తీస్కపో సారూ. ఇగ దానితోని పని లేదు" అన్నాడు పోచయ్య.

సోమవారం బుల్లిబాబు ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి నిలబడ్డాడు. బుచ్చమ్మ అలవాటు కొద్దీ మూడు ఊపులు దూకుడుగా వేసింది. నాలుగో ఊపుకు చంద్రమ్మ మాపు ఓరకంట కనబడింది, చెయ్యి దానంతటదే నెమ్మదించింది. ఆ పక్కనున్నవాళ్లూ సర్దుకున్నారు. కర్ర లేదు, చప్పుడు లేదు. ఐదు మాపులూ కలిసి ఎడమకు, కలిసి కుడికి. ఒక్క చారిక మిగల్లేదు, మళ్లీ వెనక్కొచ్చి తుడిచే పని పడలేదు.

"ముప్పై నిమిషాల పనని రాశావు కదయ్యా? ఇరవై ఆరుకే అయిపోయింది. ఇంతకీ వెనకబడేది ఎవరు?"

మహేందర్ వరసంతా వెతికాడు. "ఎవరూ లేరు సార్."

"అదే నేనూ చూస్తున్నా. ఒకళ్లని లాగితే వరసంతా చెడేలా ఉంది. ఐదుగురినీ ఉండనియ్. పైవాళ్లకి నేను చెప్పుకుంటాలే."

బకెట్ పట్టుకుని చంద్రమ్మ స్టోర్ రూముకు బయల్దేరింది. ఖాళీ లాబీలో ఆమె చెప్పుల చప్పుడు మహేందర్ చెవిన పడింది. టక్... ఒక శ్వాస తీసుకున్నంత ఆగి, టక్.

అతను గబగబా వెళ్లి కర్ర తెచ్చి పోచయ్య చేతిలో పెట్టాడు.

"కాకా, మూడు నెలల సంది నువ్వు కొట్టింది చంద్రమ్మ నడక గదా?"

పోచయ్య తల పైకెత్తి ఫ్యాన్లు చూడసాగాడు. "నాకేం ఎరుక సారూ? గా రెండు ఫ్యాన్లు కలుస్తలేవు, మొదలు గా సంగతి చూడు."

మహేందర్ నవ్వుకుంటూ వెళ్లి, చంద్రమ్మ చేతిలోని బకెట్ అందుకుని పక్కన నడిచాడు. పది అడుగులు వేశాడో లేదో వెనక నుంచి కేక.

"సారూ! ఆమె కుడి కాలు ఏస్తుంటె నువ్వు ఎడమ కాలు ఏస్తున్నవ్!"

మహేందర్ ఆగి, కాలు మార్చుకున్నాడు.