ఫోటో కింద రాసిన మాట

అది కరువు కాలం. నందికొట్కూరులో బస్సు కోసం కూర్చుని ఉంటే, పక్కనున్న ఒకామె నాకు ఒక కాగితం ఇచ్చి చదవమంది. నేను నాలుగో తరగతే చదివాను. అయినా కూడబలుక్కుని చదివాను. గంజి కేంద్రం వాళ్లు మద్రాసులో చందాలిచ్చే వాళ్లకు పంపే కాగితం అది. అందులో ఈమె ఫోటో ఉంది. కింద, ‘ఆకలితో భర్తను పోగొట్టుకున్న దిక్కులేని స్త్రీ’ అని ఉంది.

ఆమె భర్త పక్కనే కూర్చుని బీడీ తాగుతున్నాడు.

“అందుకేనా వాళ్లు ఫోటోకు బొట్టు తుడుచుకోమనింది,” అందామె. “ఈయప్ప బతికే ఉండాడని పోయి చెప్తా.”

“చెప్పు. రేపట్నుంచి పిల్లోల్లకు గంజి నువ్వు పోస్తావా?” అన్నాడతను. “సచ్చినోడు బీడీ తాగుతాండాడని గూడా చెప్పు.”

ఆమె నవ్వలేదు. “నువ్వన్నా చెప్పప్పా, పోవాల్నా వద్దా?” అని నన్ను అడిగింది.

కాగితం తిరిగి ఆమె చేతికిచ్చాను.

“ఆ మాట యాడుండాది?” అంది.

వేలు పెట్టి చూపించాను. ఆమె వేలు తడి చేసుకుని ఆ వరుసను రుద్దింది. రుద్దిన చోట కాగితం చిరిగింది. అలాంటి కాగితాలు ఈపాటికి మద్రాసు చేరి ఉంటాయని నేను చెప్పలేదు.