పొగ పోయిన అగ్నిపర్వతం

ఫిలిం ఉన్నది మనుషుల కోసమేనని అందరూ గట్టిగా నమ్మిన రోజులవి. పెళ్ళికో బారసాలకో తప్ప కెమెరా బయటికి వచ్చేది కాదు. డెబ్బైల చివర్లో, విశాఖ రేవు నుంచి జపానుకు ఇనుప ఖనిజం మోసే ఓడలో నాకు ఇంజను గది ఉద్యోగం దొరికింది. బయలుదేరుతుంటే మా బావ (అక్క భర్త, రేవులో గుమస్తా) తన డబ్బా కెమెరా ఇచ్చి, మనిషి లేకుండా ఫిలిం తగలేస్తే మళ్ళీ దాన్ని ముట్టుకోనివ్వనన్నాడు. నేనేమో మండే కొండను ఫోటో తీసుకొస్తానని కంచరపాలెంలో మా వీధంతా అప్పటికే చాటేశాను. నాన్న నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. రైల్వే షెడ్డులో తన తోటివాళ్ళందరికీ చెప్పేశాడు. ఇక ఫోటో లేకుండా తిరిగొస్తే పోయేది ఆయన పరువు.

ఫిలిం రీలుకు పన్నెండే ఫోటోలు. ఓడ ఎక్కానో లేదో వంటవాడికి పెళ్ళి సంబంధానికి పంపడానికి ఫోటో కావాల్సి వచ్చింది. వాడికి తీశాక మిగతావాళ్ళను కాదనడం ఎలా? జపాను తీరం కనబడేసరికి ఒక్కటే మిగిలింది. ఒక ఉదయం కొండ కనిపిస్తోందని పైనుంచి కబురొచ్చింది. నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ మెట్లెక్కాను. నీళ్ళ అవతల కొండ, దాని నెత్తి మీంచి సుళ్ళు తిరుగుతూ నల్లటి పొగ. కింద ఇంజను అదురుతోంది, ఓడ ఊగుతోంది. ఊపిరి బిగబట్టి, ఓడ కాస్త నిలకడగా ఉన్న క్షణం చూసి మీట నొక్కాను. అంత గర్వం నాకు పెళ్ళిపీటల మీద కూడా కలగలేదు. (మా ఆవిడ ఇలాంటివి చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.)

ఇంటికి రాగానే రీలు మా వీధి చివర స్టూడియోలో ఇచ్చాను. ఆ యజమానిని అందరూ టచప్ మాస్టారు అనేవారు. నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్ది మొటిమలూ, మశూచి మచ్చలూ మాయం చేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన చలవతో ఎన్నో పెళ్ళిళ్ళు కుదిరాయి. ఫోటోలు వచ్చిన సాయంత్రం నాన్న షెడ్డు వాళ్ళందరినీ వెంటేసుకొచ్చాడు. కవరు విప్పాను. తేటగా ఉన్న ఆకాశం కింద నున్నగా, బుద్ధిగా ఒక కొండ. పొగ లేదు.

"ఇది మన యారాడ కొండ కాదేటి?" అన్నాడు బావ. "దీనికి జపాను దాకా ఎల్లాలా?"

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. కండువా ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. అది నేను చూడలేకపోయాను. పరుగెత్తి స్టూడియోకి వెళ్ళి పొగ ఏదని మాస్టారిని నిలదీశాను.

"పొగేటి బాబూ? కొండ మీద పేద్ద మచ్చ పడిపోనాది," అన్నాడాయన తృప్తిగా. "పొద్దంతా కూకుని తీసీసినాను. సూడు, ఆనవాలైనా ఉందేటి?"

ఆనవాలు లేదు, అదే నా బాధ. బతిమాలగా బతిమాలగా ఆయన దూదిని స్పిరిట్లో ముంచి, సొంత బిడ్డ మొహం చెరుపుతున్నంత దిగులుగా పెన్సిల్ గీతలు తుడిచాడు. పొగ తిరిగొచ్చింది. కొత్త ఫోటో తడి ఆరకుండానే ఇంటికి తెస్తే, బావ దాన్ని దీపం దగ్గర పెట్టి పరీక్షించి, మాస్టారు పొగ చాలా బాగా గీశాడని మెచ్చుకున్నాడు. మర్నాడు వీధంతా స్టూడియోకి వెళ్ళి అదే మెచ్చుకోలు. మాస్టారు వినయంగా తల వంచుకున్నాడే గానీ, తాను గీయలేదని ఒక్క ముక్క అనలేదు.

నేను ఉడికిపోతుంటే నాన్న రెండు ఫోటోలకూ అద్దాలు కట్టించి, వీధి గుమ్మం పక్కన వరసగా తగిలించాడు. షెడ్డు వాళ్ళను మళ్ళీ పిలిచాడు. నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు:

"మావోడు రెండుపాల్లు ఎల్లాడు. ఓపాలి కొండ తొంగున్నాది. ఇంకోపాలి లేసింది."

కాదని చెప్పబోయాను. నా భుజం మీద ఆ చెయ్యి ఇంకాస్త బిగిసింది. షెడ్డు వాళ్ళు ఒక్కొక్కరూ నాతో కరచాలనం చేసి వెళ్ళారు. బావ కూడా చేశాడు.

తర్వాత చాలా సముద్రాలు తిరిగాను గానీ, ఆ కొండ దారిలో మళ్ళీ పడలేదు. ఇప్పుడు మధురవాడలో మా హాల్లో ఉన్నాయి ఆ రెండు ఫోటోలూ. ఇంటికొచ్చిన వాళ్ళు అడిగితే, నెరిసిన తల ఎత్తి, రెండుసార్లు వెళ్ళానని నేనే చెబుతున్నాను. నాన్న మాట తీసెయ్యడానికి నేనెవణ్ణి?