తుపాకి ఖాళీ చేసిన రోజు

నా చిన్నప్పుడు మేం నాంపల్లి స్టేషను దగ్గర ఒక సందులో కిరాయికి ఉండేవాళ్లం. ముందు గదిలో, దేవుడి పటాలకు కాస్త ఎడంగా, గోడకు ఒక తుపాకి వేలాడేది. మా తాతయ్య ఊళ్లో వ్యవసాయం చేసిన కాలంలో, అడవిపందుల నుంచి మక్కచేను కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకుని కొన్నది. భర్మార్ తుపాకి అనేవాళ్లు. మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కూరి, సీసపు గుండ్లు వేసి, పైన ఇంకో పేలిక పెట్టి, పొడుగాటి ఇనుప కడ్డీతో దట్టించే పాత రకం. వెనకవైపు చిన్న రాగి టోపీ తొడిగి మీట నొక్కితేనే పేలుతుంది. తాతయ్య చూపు మందగించి మా దగ్గరికి వచ్చేశాక లైసెన్సులో నాన్న పేరు కూడా ఎక్కించారు. చేను కాపలాకు ఊరెళ్లినప్పుడల్లా నాన్న దాన్ని గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కేవాడు. వచ్చాక మళ్లీ గోడకు తగిలించేవాడు.

ఒక వానాకాలం నాన్న జ్వరంతో దవాఖానలో చేరి, తిరిగి రాలేదు.

ఆ రోజుల్లో నేను ఏడ్చిన జ్ఞాపకం లేదు. గుమ్మం నిండా చుట్టాల చెప్పులు గుర్తున్నాయి. అమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉండడం గుర్తుంది. "పిల్ల ఒక్క చుక్క కన్నీరు పెట్టలే, ఏంది గిట్ల?" అని ఎవరో అంటుంటే విన్నాను. విని ఊరుకున్నాను. అన్నం పెడితే తినేదాన్ని. రుచి తెలిసేది కాదు, వద్దనీ అనిపించేది కాదు. బడికి వెళ్లమంటే వెళ్లాను, వద్దంటే కూర్చున్నాను. లోపల ఎక్కడో ఏదో పాడైందని, నేను మంచిపిల్లను కాదని మాత్రం అనుకునేదాన్ని. అది కూడా భయపడుతూ కాదు, ఊరికే అనుకునేదాన్ని.

దినవారాలు ముగిసి చుట్టాలంతా వెళ్లిపోయాక, ఒక పొద్దున తాతయ్య తుపాకిని గోడ మీంచి దించాడు.

"ఇగ దీన్ని పట్టేటోడు లేడు. ఆబిడ్స్‌ల తుపాకుల దుకాణంల అప్పజెప్పొస్తా" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

ఇచ్చేముందు తుప్పు తుడవాలని వాకిట్లో పాత చాప పరిచాడు. నన్ను పిలిచి, తుపాకి మడమ నేలకానించి నిలబెట్టి, పట్టుకోమని చెప్పి మిషను నూనె కోసం లోపలికి వెళ్లాడు. మూతి నా గడ్డం దగ్గరికి వచ్చింది. లోపల ఏముంటుందో చూద్దామని కన్ను దాని మీద పెట్టాను. చీకటి తప్ప ఏమీ లేదు.

అంతే, భుజం మీద గట్టి దెబ్బ పడింది. తాతయ్య నన్ను కొట్టడం అదే మొదలు, అదే చివర.

"ఖాళీదే కద తాతా" అన్నాను.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లుగా గోడకు ఉంది, అందుకే ఖాళీ అనుకున్నాను. తాతయ్య కోపం దించుకుని నా పక్కన కూర్చున్నాడు. "ఖాళీదైనా నిండుదైనా బయటికి ఒక్క తీరే కనబడ్తది బిడ్డా. కడ్డీ ఏసి చూస్తేనే ఎరుకైతది" అన్నాడు. మూతిని మా ఇద్దరికీ దూరంగా తిప్పి, కడ్డీని గొట్టంలోకి జారవిడిచాడు. అది ఆగిన చోట, మూతి దగ్గర వేలితో పట్టుకుని బయటికి లాగి, గొట్టం పక్కనే పెట్టి కొలిచాడు. ఖాళీదైతే కడ్డీ కొస గొట్టం వెనక చివరిదాకా రావాలి. జానెడు ముందే ఆగిపోయింది.

తాతయ్య మళ్లీ వేసి చూశాడు. మళ్లీ జానెడే. కడ్డీ కింద పెట్టి ముందు గదిలో గోడవైపు చూశాడు. ఆ గోడ కిందే మేమంతా పడుకునేవాళ్లం.

"పోయిన పంటకు కావలికని ఊరికి పోయిండు కద... పందులు రాలేదన్నడు" అని మెల్లగా గొణిగాడు. "నింపింది నింపినట్టే తెచ్చిండు. టోపీ తీసేసిండు, ఇగ పేలదని ధీమా. మందు పొడిగుంటె అట్లనే ఉంటది, యాడికి పోతది?"

ఊరికి తీసుకెళ్లి చేలో గాలిలోకి పేల్చేస్తే పీడ పోతుందన్నాడు. అప్పుడు గదిలోంచి అమ్మ గొంతు వినబడింది. ఆ గొంతు విని చాలా రోజులైంది.

"పేల్చొద్దు మామా."

గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చింది. జుట్టు అట్టకట్టి ఉంది. "ఆయన చేత్తోటి నింపింది. జర నిమ్మలంగ తియ్యుండ్రి" అంది.

తాతయ్య తుపాకిని స్నానాల గదిలోకి తీసుకెళ్లాడు. గొట్టంలోకి మెల్లగా నీళ్లు పోశాడు. మందు తడిస్తే ఇక పేలదట. కానీ లోపలిదాకా నానాలి, తొందరపడితే కాదు అన్నాడు. ఆ పగలంతా తుపాకి స్నానాల గదిలో మూలకు నిలబడి ఉంది. మేం దాని పక్కనుంచి ఒదిగి తిరిగాం.

మర్నాడు కడ్డీ కొసకు మరలాంటి ముల్లు బిగించి లోపలికి దింపి, మెల్లగా తిప్పుతూ లాగాడు. మొదట పైన కూరిన పేలిక వచ్చింది. తర్వాత గుండ్లు పళ్లెంలోకి ఒకటొకటే రాలాయి. తర్వాత ఇంకో పేలిక, దాని వెనక నల్లటి బురద. అమ్మ ఆ తడి పేలికను చేతిలోకి తీసుకుని విప్పింది. మసి కింద ఎర్ర గళ్లు కనబడ్డాయి.

"నా కొత్త తువాల. ఎలుకలు కొరికినయన్నడు నాతోని" అంది. ఆమె గొంతులోంచి నవ్వులాంటిది ఒకటి వచ్చింది. తర్వాత అక్కడే కూలబడి, పేలిక మోకాళ్ల మధ్య పెట్టుకుని, గట్టిగా ఏడ్చింది. తాతయ్య ఆపలేదు. వేడినీళ్లు తెప్పించి, బయటికొచ్చే నీళ్లు తేటబడేదాకా గొట్టం కడుగుతూనే ఉన్నాడు. నేను చెంబు అందిస్తూ అమ్మను చూశాను. నాకు ఏమీ రాలేదు.

ఆ మధ్యాహ్నం తుపాకిని దుప్పటిలో చుట్టి నడుచుకుంటూ ఆబిడ్స్ వెళ్లాం. దుకాణంలో ఆసామి దాన్ని అందుకుని, "ఖాళీయే కదా పెద్దాయనా?" అని అడిగాడు. తాతయ్య ఔనన్నాడు. అయినా ఆసామి కడ్డీ వేసి చూశాకే బల్ల మీద పెట్టాడు. తన మాట నమ్మలేదని తాతయ్య నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం తల ఊపి, "గట్లనే చూస్కోవాలె" అన్నాడు.

తిరిగి వస్తూ ఒక హోటల్లో కూర్చోబెట్టి నాకు చాయ్, బిస్కెట్లు ఇప్పించాడు. సాసరులో పోసుకున్న చాయ్ చల్లారిపోతున్నా ఆయన తాగలేదు.

"నీకెట్లున్నది బిడ్డా?" అన్నాడు.

"ఏం లేదు తాతా."

అక్కడితో వదిలేస్తాడనుకున్నాను. అందరూ అక్కడితోనే వదిలేశారు. ఆయన మాత్రం నా మొహంలోకి చూస్తూ అట్లాగే కూర్చున్నాడు. పక్క బల్లవాళ్లు లేచిపోయారు, కొత్తవాళ్లు వచ్చారు. చివరికి నేనే అన్నాను.

"నాకు ఏడుపు వస్తలేదు తాతా. అమ్మకొచ్చింది. నాకు వస్తలేదు."

తాతయ్య సాసరును పక్కకు జరిపాడు.

"నాకు గూడ వస్తలేదు బిడ్డా."

అంతకంటే ఏమీ చెప్పలేదు. వస్తుందనలేదు, రావాలనీ అనలేదు. మేమిద్దరం బిస్కెట్లు తినేసి ఇంటికొచ్చాం. ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైందని నాకు తెలిసింది.

నాకు ఏడుపు ఎప్పుడొచ్చిందో ఇప్పుడు సరిగ్గా జ్ఞాపకం లేదు. కొన్ని నెలలు పట్టి ఉంటుంది. ఇన్నేళ్లలో ఎవరైనా నాతో "ఏం లేదు" అంటే ఆ ఒక్క మాటకే లేచి వెళ్లిపోలేదు, ఇంకాసేపు కూర్చున్నాను. ఏడవనివాళ్లను ఏడవమని మాత్రం అడగలేదు. పోయినేడు మా ఆయన పోయినప్పుడు నా మనవరాలు ఇంటినిండా జనం మధ్య బొమ్మలా తిరిగింది. వాళ్లంతా వెళ్లిపోయాక వచ్చి, నా మంచం అంచున కూర్చుంది.

"నానమ్మా, నాకు ఏమనిపిస్తలేదు. నేను చెడ్డదాన్నా?"

పక్కకు జరిగి దానికి చోటిచ్చాను. "నాకు గూడ ఇంకా ఏమనిపిస్తలేదు బిడ్డా" అన్నాను. అది నిజమే.